తోమిన తూటాలు

ఫిన్లాండ్ అడవుల్లో దుప్పుల వేట మొదలయ్యే రోజు ఉదయం. ఆవిరిగది మెట్ల మీద కూర్చున్న మామగారి ముందు కొత్తల్లుడు తళతళలాడే తూటాల పళ్లెం పెట్టాడు.

"కొత్తవి కొన్నావా అల్లుడూ?"

"మీవే మామయ్యా. తోలు బెల్టులో ఉండి పచ్చగా చిలుము పట్టిపోయాయి. వెనిగరూ ఉప్పూ వేసి తోమేశాను."

"మరి డబ్బాలో ఉన్న మంచివో?"

"అవీ ఇందులోనే కలిపేశా. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి కదూ?"

"అదేగా నా ఏడుపు. చిలుము తినేసిన తూటా పేలిస్తే మనకే ప్రమాదమని, పారేద్దామని బెల్టులో వేరుగా పెట్టాను. ఇప్పుడు ఏది మంచిదో దుప్పినే అడగాలి."

"అయ్యో. మరి వేట?"

"ఇంకెక్కడి వేట? నడుం నొప్పని చెప్పి తప్పించుకుందామనుకున్నా. నువ్వు అంతకంటే మంచి సాకు తెచ్చావు. రా, సాసేజీలు కాల్చుకుందాం."

"నవ్వకండి మామయ్యా. అత్తయ్యకి ఏం చెబుతాం?"

"ఆవిడ తూటాలు ఆవిడ పెట్టెలో భద్రంగా ఉంటాయి. తెల్లారకముందే అడవికి వెళ్లిపోయింది."

అంతలో చెట్ల వెనక తుపాకీ మోగింది.

"విన్నావా? ఆ పళ్లెం ఖాళీ చేసి బాగా కడుగు. మీ అత్తయ్య దుప్పి కార్జం తెస్తుంది. దాన్ని మాత్రం తోమకు నాయనా."