సాయంత్రానికి రెండొందల ఏళ్ళ గోడ

"రా, రా, కూర్చో. నువ్వేం పోగొట్టుకోలేదు, కథ ఇంకా గోడ దాకా రాలేదు" అని రంగుల బాబాయ్ బెంచీ మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.

పార్కు గేటుకి ఎదురుగా ఉండే టీ కొట్టు అది. వారానికి ఒక రోజు పార్కు మూసి శుభ్రం చేసుకుంటారు, ఆ రోజే ఇది. మామూలుగా అయితే కొట్టు ఖాళీగా ఉండాలి. కానీ అందరూ ఉన్నారు. టైలరు ఉన్నాడు, కండక్టరు ఉన్నాడు, ఎప్పుడూ రాని పార్కు మేనేజరు గారు కూడా వచ్చి గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

సంగతేంటంటే, కోట సినిమా అని ఒకటి వచ్చింది కదా, అందులో కోటని అచ్చం అలాగే పార్కులో కడదామని ఓనరు గారికి బుద్ధి పుట్టింది. జనం ఏమంటున్నారో విని, బాబాయ్ నిన్న టిక్కెట్ల గది వెనక గోడ మీద వేసిన రంగు మచ్చు చూసి, కట్టాలో వద్దో ఇవాళే చెప్పమని మేనేజరు గారిని పంపించారు. కడితే ఆ రంగుల పని మొత్తం బాబాయ్‌ది. ఆ సినిమా సెట్టుకి రంగులు వేసినవాళ్ళలో ఆయనా ఒకడు, అది అయ్యాక ఏడాది నుంచి ఆయనకి సెట్టు పని రాలేదు. ఇళ్ళకి సున్నం కొట్టుకుంటున్నాడు. సున్నం కొడుతున్నప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు, అంతకంటే ఏం చెప్పాలి.

కండక్టరు వద్దంటున్నాడు. "పార్కుకి పిల్లలు నవ్వుకోడానికి వస్తారు బాబాయ్. ఆ కోటలో తల్లి పోయింది, తమ్ముడు పోయాడు, ఆఖరికి గుర్రం కూడా పోయింది. ఉయ్యాల ఎక్కి ఏడవాలా వాళ్ళు?"

"నేను పదకొండు సార్లు చూశా, పదకొండు సార్లూ ఏడ్చా, ఎంత హాయిగా ఉందో తెలుసా నీకు?" అన్నాడు టైలరు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, కొట్టు తలుపు కూడా వేయకుండా వచ్చేశాడు.

"సరే, పక్కనే ప్లాస్టిక్ బాతులున్నాయి కదా నీళ్ళలో. బాతుల పక్కన నిలబడి మీ రాజు శపథం చేస్తాడా?"

"బాతుల్ని తీసేస్తారు."

"బాతుల్ని తీస్తే మా మనవరాలు ఊరుకోదు, ముందే చెప్తున్నా" అంది టీ అక్క, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"మీరంతా కాసేపు ఆగండి" అన్నాడు బాబాయ్. గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెడితే ఇక ఎవరూ మధ్యలో దూరలేరని అందరికీ తెలుసు. "మేనేజరు గారూ, నేనేదో కోట అంతా కట్టేశానని చెప్పను. అబద్ధం నాకు చేతకాదు. కట్టింది వడ్రంగులు, అచ్చులు పోసేవాళ్ళు. నాది ఒక్క గోడ. ఇంతే, నా భుజం దాకా వస్తుంది. దానికి నాచు పట్టించడం నా పని. పొద్దున సెట్టు మాస్టారు వచ్చి, 'సాయంత్రానికి ఈ గోడకి రెండొందల ఏళ్ళు రావాలి' అన్నాడు. ఎవరైనా అయితే ఏం చేస్తారు? ఆకుపచ్చ రంగు పూసి పక్కన కూర్చుంటారు. నేనేం చేశానో తెలుసా? రంపపు పొట్టు తెచ్చా, మెత్తగా జల్లెడ పట్టా, మూడు రకాల పచ్చ కలిపా, జిగురు పూసి పొట్టు గుప్పిట్లో పెట్టి దాని మీదకి ఊదా, ఇట్లా, ఫూ అని. వాన నీళ్ళు కారిన చార కోసం టీ డికాషన్ పోశా. అక్కా, మీ టీలాంటిది కాదు, చిక్కటిది."

"మా టీకేం తక్కువ అన్నయ్యా? రోజుకి ఆరు తాగుతున్నావు."

"తాగడానికి బావుంటుంది, గోడకి చాలదు. సరే విను. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ తయారు. నేను అన్నం తినడానికి అటు వెళ్ళానా, ఇటు ఎక్కడిదో ఒక మేక వచ్చింది. వచ్చి, నా గోడని రెండు జానలు తినేసింది!"

"జిగురు తిన్నదా?" అన్నాడు కండక్టరు.

"తిని నెమరు వేసింది కూడా. దాన్ని తోలి మళ్ళీ పూశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కప్పలు. ఎక్కడి నుంచి వచ్చాయో, బారు కట్టి వచ్చి ఆ నాచు మీద కూర్చుని బెకబెక మొదలుపెట్టాయి. సౌండు ఆయన చెవులకి పెట్టుకున్న మిషన్ తీసి నేలకేసి కొట్టాడు. హీరో గారు డైలాగు చెప్పబోతే కప్ప అందుకుంటుంది. నాలుగుసార్లు అట్లాగే అయింది, అయిదోసారి కప్పే బాగా చెప్పిందని డైరెక్టరు గారు ఓకే అన్నారు."

టైలరు ముందుకి వంగాడు. "ఏ సీను? తల్లి ఉత్తరం చదివే సీనా? అక్కడ వెనక ఏదో చప్పుడు వస్తుంది బాబాయ్, నేను విన్నా!"

"చూశావా! నేను చెప్పలా? అదే కప్ప." బాబాయ్ ఛాతీ ఇంకొంచెం ముందుకి వచ్చింది. "ఇంకా ఉంది. హీరో గారు గోడకి ఆనుకుని నిలబడాలి. పొడి గోడ అది, చుక్క నీళ్ళు లేవు. ఆయన భుజం ఆనించారో లేదో జర్రుమని జారి కింద పడ్డారు. లేపుదామని డైరెక్టరు గారు వచ్చారు, ఆయనా జారారు. డాక్టర్ని పిలిపించారు, డాక్టరు పెట్టెతో సహా జారాడు. చూస్తేనే జారేది నా నాచు, ముట్టుకోనక్కర్లేదు!"

మేనేజరు గారు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఆవలిస్తున్నారో తెలియలేదు. బాబాయ్‌కి మాత్రం నవ్వుతున్నారనే అనిపించినట్టుంది.

"కండక్టరూ, ఏడుపు కోట అన్నావే, నీకు తెరమీదది తెలుసు, నాకు తెర వెనకది తెలుసు. ఆ గోడ దగ్గర మేం నవ్వినంత నేను మా చెల్లి పెళ్ళిలో కూడా నవ్వలేదు. ఎండకి ఆ గోడ నీడనే అందరం క్యారేజీలు విప్పేవాళ్ళం. గుర్రం చచ్చిపోయే సీను అన్నావు కదా, కట్ అనగానే ఆ గుర్రం లేచి, దులుపుకుని, నేరుగా నా సంచీ దగ్గరికి వచ్చి నా అరటిపండు తినేసింది."

"గుర్రం బతికే ఉందా!" టైలరు లేచి నిలబడ్డాడు. "పదకొండు సార్లు ఏడ్చా కదా బాబాయ్ దాని కోసం!"

"బతికి ఉండటమేంటి, లావెక్కింది కూడా. రేపు పిల్లలు వచ్చినా అంతే, సినిమాలో ఎక్కడ ఏడ్చారో అక్కడికే వచ్చి నవ్వుతారు. గోడ వెనక్కి వెళ్ళి చూసి, 'ఓ, ఇంతేనా' అనుకుంటారు. అందుకోసమైనా కట్టాలి."

ఈ మాటకి కండక్టరు కొంచెం మెత్తబడ్డాడు. బాబాయ్ అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేదో. కానీ ఎదుటివాళ్ళు చల్లబడితే ఆయన ఇంకా రేగిపోతాడు, అది ఆయన అలవాటు.

"అసలైంది చెప్పలేదు. మర్నాడు ఒక ముసలాయన వచ్చాడు, పాత కట్టడాలు చూసే ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆయనది. గోడని చూసి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని భోరుమన్నాడు. 'మా ముత్తాత చిన్నప్పుడు ఈ గోడ ఎక్కే కాలు విరగ్గొట్టుకున్నాడు' అన్నాడు. వారం కిందట కట్టిన గోడ అది! చెప్తే వినడు. చుట్టూ ఇనప కంచె వేయించాడు, ముట్టుకోకూడదని బోర్డు పెట్టించాడు, కిటికీ పెట్టి టిక్కెట్లు కూడా అమ్మించాడు. మర్నాటి నుంచి డైరెక్టరు గారు టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వచ్చి సినిమా తీసుకునేవారు."

"లైన్లో నిలబడేవాడా?" అంది టీ అక్క.

"లైన్లోనే. హీరో గారు ఆయన వెనక."

"అంత పాతగా ఎట్లా వచ్చింది బాబాయ్?" అని నేనే అడిగా. నేను ఎప్పుడూ అడగను. ఎందుకో నోట్లోంచి వచ్చేసింది.

బాబాయ్ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మంచి ప్రశ్న వేశావు. చెయ్యి జారింది రా. రెండొందల ఏళ్ళు వేయమన్నారా, మూడొందలు పడ్డాయి. వంద ఎక్కువ. మాస్టారు ఒప్పుకోడు, లెక్క అంటే లెక్కే. ఇక చేసేదేముంది, రేకు తీసుకుని ఆ వంద ఏళ్ళూ గీకేశా. గీకిన వంద ఏళ్ళని పారేయలేం కదా, ఒక డబ్బాలో వేసి మూత బిగించా."

"వంద ఏళ్ళు డబ్బాలో పట్టాయా?" అన్నాడు కండక్టరు.

"పెద్ద డబ్బాలే. దాన్ని ఊరికి తెచ్చుకుందామని బస్సెక్కా. కొత్త బస్సు, సీట్లకి కవర్లు కూడా తీయలేదు. మలుపులో డబ్బా దొర్లి మూత ఊడింది. అంతే, చూస్తుండగానే రేకంతా తుప్పు, కిటికీలు ఊగుతున్నాయి, సీట్లలోంచి పీచు బయటికి వచ్చింది, హారన్ తప్ప అన్నీ మోగుతున్నాయి. అది ఏ బస్సో చెప్పమంటావా కండక్టరూ?"

టీ అక్క గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. టైలరైతే టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. కండక్టరు కూడా తల దించుకుని నవ్వాడు. ఏం చేస్తాడు, అందరం ఆ బస్సు ఎక్కినవాళ్ళమే.

"మీ నాచు సరే" అన్నారు మేనేజరు గారు. ఆయన మాట్లాడటం అదే మొదలు. "ఒకటి చెప్పండి. సినిమా అంటే పది రోజులు. పార్కు అంటే ఏళ్ళు. వానకి ఉంటుందా అది?"

అడిగిన మాటలో ఎగతాళి ఏం లేదు. నిజంగానే తెలుసుకోడానికి అడిగారు. బాబాయ్ కూడా ఒక్క క్షణం నిజమే చెప్పేలా కనపడ్డాడు. కానీ అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

"వానా? ఏడు వానాకాలాలు చూసింది సార్ ఆ గోడ, నెలలోనే! మొదటి వాన పడింది, పోలేదు. గాలివాన వచ్చింది, కోట ఎగిరిపోయింది, నాచు అక్కడే గాల్లో నిలబడింది, దానికింద మళ్ళీ గోడ కట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడో ఉన్న సముద్రానికి పౌరుషం వచ్చింది. ఇంతెత్తు అల వచ్చి నా గోడకి కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి అలకే నాచు పట్టింది! పచ్చగా అయిపోయి సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు టిక్కెట్ల గది వెనక వేసింది కూడా ఆ రకమే. టీ అయ్యాక రండి, గడ్డపారతో గీకినా రాదు."

"సరే, పదండి చూద్దాం" అని మేనేజరు గారు లేచారు.

అప్పుడే గేటు లోపలి నుంచి పార్కు ఊడ్చే పెద్దమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పార్కంతా ఊడ్చేది ఆవిడే. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. నడుం పట్టుకుని బెంచీ చివర కూలబడింది.

"అక్కా, ఒక టీ పొయ్యి. మేనేజరు బాబూ, ఆ టిక్కెట్ల గది వెనక ఎవరూ చూడట్లేదా? గోడంతా ఎంత నాచు పట్టిందో! రోజూ ఊడుస్తున్నా, నా కంట ఎట్లా పడలేదో మరి, సిగ్గేసింది. పొద్దున్నుంచి దాని మీదే ఉన్నా. కడిగి పారేశా, అద్దంలా ఉంది ఇప్పుడు."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, టీ అక్క చూసుకోలేదు.

కండక్టరు మెల్లగా అడిగాడు. "ఎన్ని నీళ్ళు పట్టాయి పెద్దమ్మా?"

"ఎన్నో ఎందుకు? రెండు బకెట్లు."

"రెండు బకెట్లు!" కండక్టరు బాబాయ్ వైపు తిరిగాడు. "సముద్రం ఓడిపోయి వెళ్ళింది అన్నావు బాబాయ్. పాపం సముద్రానికి పెద్దమ్మ చీపురు లేదు కాబోలు."

బాబాయ్ కింద పెట్టిన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన మాట కోసం వెతుక్కోవడం నేను అంతకు ముందు చూడలేదు. "పైన వార్నిష్ ఇవాళ వేద్దామనుకున్నా" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "అది వేస్తే నీళ్ళకి పోదు, కానీ ఆరేదాకా రెండు రోజులు మెరుస్తుంది సార్. మెరిస్తే నాచులా ఉండదు. మీరు చూశాక వేద్దామని... ఇవాళ కడిగే రోజని గుర్తులేదు."

కోతలు లేవు ఆ మాటల్లో. అందుకే వినడానికి కష్టంగా ఉంది.

అందరం వెళ్ళాం. గోడ నిజంగానే అద్దంలా ఉంది. కింద మూలన, నీళ్ళ గొట్టం వెనక, చీపురు దూరని చోట మాత్రం జానెడు మిగిలింది. మేనేజరు గారు వంగి రెండు వేళ్ళు దాని మీద పెట్టారు. పెట్టి, వెంటనే వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నారు. తుడుచుకున్నాక చూసుకుంటే వేళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆయన ఆ వేళ్ళ వంక చూశారు, జానెడు నాచు వంక చూశారు, పెద్దమ్మ వంక చూశారు.

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ గోడలు కడుగుతున్నావు. నీకే తెలియలేదా అది రంగని?"

"రంగా?" పెద్దమ్మ బాబాయ్‌ని కిందనుంచి పైదాకా చూసింది. "నువ్వు వేశావా ఇది? నాకు నాచు వాసన కూడా వచ్చింది కదయ్యా!"

బాబాయ్ తల పైకి లేచింది. టైలరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కండక్టరు ఆ జానెడు నాచుని తనూ ఒకసారి ముట్టుకుని చూశాడు.

"ఓనరు గారికి కట్టమనే చెప్తా" అన్నారు మేనేజరు గారు. "వార్నిష్ మాత్రం మర్చిపోకండి."

బాబాయ్ బదులు పెద్దమ్మ మాట్లాడింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నా, ఒక్క మాట కూడా నేను కలపలేదు:

"కట్టుకోండి బాబూ, ఎవరు వద్దన్నారు? కాకపోతే ఏది మురికో ఏది పనితనమో నాకు ముందే చెప్పండి, నాకున్నది ఒక్కటే నడుం."