దిల్షాద్‌కు పెద్ద కార్డు

అది 2006. హిందూపురంలో మంజు కంప్యూటర్ అంగడి. పెనుకొండలో పరుపులు కుట్టే కాలేసాబ్, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కంప్యూటర్ పెట్టెను బల్ల మీద దించి, దానికి చుట్టిన బొంత విప్పుతున్నాడు. మూడేళ్ల కిందట ఆ పెట్టెను అమ్మిన మంజుకు, అంగడి తనదే అయినా, ఎక్కడికైనా పారిపోతే బాగుండుననిపించింది.

"అట్ల కాదు మంజప్పా, చిన్న కార్డు వద్దు. ఉన్నదాంట్లో పెద్దది చెప్పు."

"పెద్దదంటే కొలత కాదు కాలేసాబన్నా. దాంట్లో మెమరీ అని ఉంటాది. ఇది నూటిరవై ఎనిమిది, ఇది రెండునూర్ల యాభై ఆరు. మీ పాప ఏం ఆట ఆడుతాది?"

"కార్ల ఆట. పాతది బాగానే ఆడుతాండె. కాలేజీలో ఎవరో కొత్త సీడీ ఇచ్చినారు. అది ఏస్తే తెర నల్లగా అయిపోతాది. దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండల్ల నాయనా అన్నాది దిల్షాద్."

"అయితే ఈ చిన్నదే సాలు. పెద్దది పెడితే వేడెక్కుతాది, దానికి ఫ్యాను కావల్ల, మల్లా పవర్ సప్లై మార్చల్ల. ఎందుకన్నా అంత?"

"మార్చు. ఏమేం మార్చల్లో అన్నీ మార్చు. ఫ్యాను ఉండేదే పెట్టు."

"ఒక్క ఆట కోసం..."

"ఆట కోసం కాదులేప్పా. ముందు పెట్టె తెరిచి చూడు, ఏది పడుతాదో."

"తెరిచే పని లేదన్నా. నేను చేసిన పెట్టే కదా, నాకు తెలుసు."

"తెరవకుండా ఎట్ల తెలుస్తాది? పరుపు విప్పకుండా లోపల దూది ఎంతుందో నేనే చెప్పలేను."

"బోర్డు గుర్తుండాదిలే. టీ తాగుతావా అన్నా?"

"టీ వద్దు. తెరువు."

"తెరుస్తా, తెరుస్తా. కరెంటు కూడా లేదు ఇప్పుడు."

"పైన ఫ్యాను తిరుగుతాండాదే!"

"అది... ఇన్వర్టర్ అన్నా."

"సరేలే. నువ్వు తెరిచినా ఆడ కనపడేది ఖాళీనే. దాంట్లో ఉన్న కార్డు పోయిందప్పా."

"పోయిందని ఎవరు చెప్పినారు?"

"మా ఇంటి పక్క ఏసుదాసు. కొత్త ఆట రాకపోతే ఆయప్పే స్క్రూలు తీసి చూసినాడు. 'సాబూ, స్లాటు ఉండాది గానీ కార్డు లేదు, ఎవరో పీకినారు' అన్యాడు. పెట్టె కొన్నప్పుడు నువ్విచ్చిన చీటీ తీసి చూసినా. నీ చేత్తో రాసినావు కదా, విడిగా గ్రాఫిక్స్ కార్డు అని."

"రాసినా... రాసే ఉంటా."

"చీటీ ఉండాది, మనిషివి చూస్తే మంచోడివి. నీ మీద నాకు అనుమానమే రాలే."

"ఏసుదాసుకు సరిగ్గా తెలుసో లేదో అన్నా."

"ఎందుకు తెలీదు? ఊర్లో టీవీలన్నీ ఆయప్పే బాగు చేసేది. ఇంగ ఎవరు తీసింటారు చెప్పు? పెట్టె ఇల్లు దాటింది ఒక్కసారే. పోయినేడు చెడిపోతే దిల్షాద్ ఒక్కతే ధర్మవరం ఎత్తుకపోయి బాగు చేపిచ్చుకోనొచ్చినాది. ఆ నెలలోనే చేతికి కొత్త వాచీ! యాడిది అంటే, వెన్నెల అని స్నేహితురాలు ఇచ్చినాది అంటాది."

"వెన్నెలే ఇచ్చింటాది."

"నీకేం తెలుసు?"

"తెలీదు. ఇచ్చిండొచ్చు కదా అంటాండా. లేదంటే ధర్మవరంలో రిపేరు చేసినోడే తీసిండొచ్చు."

"అదీ అడిగినా. 'ఆయప్ప నా ముందరే చేసినాడు నాయనా, ఏమీ తీయలే' అని అదే చెప్పినాది. ఇంగ మిగిలింది ఎవరు?"

"కొట్టినావా అన్నా?"

"కొట్టలే. దాన్ని పుట్టినప్పట్నుంచి కొట్టలే. మాట్లాడేది మానేసినా. నెల దినాలు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినాది, ఏడ్చినాది. నేను గోడ తట్టు తిరిగి కూర్చున్యా. మల్లా కాలేజీ మానిపిచ్చి, రొళ్లలో వాళ్లవ్వ కాడ వదిలేసొచ్చినా."

"కాలేజీ మానిపిచ్చినావా!"

"రెండు నెలలాయ. ఏమప్పా, అట్లయిపోయినావు?"

"ఏం లే. అన్నా, ఈ పెద్ద కార్డు తీసుకపో. ఊరకే. దుడ్లొద్దు."

"ఊరకెందుకు? నేనడగలేదే."

"పాత కస్టమరువి కదా అని."

"అట్లంతా వద్దు. నా కూతురు చేసిన తప్పుకు నువ్వెందుకు నష్టపోతావు?"

"పాప తప్పేం లేదన్నా."

"మంచోడివి కాబట్టి అంటాండావు. మా ఇంటామె మదార్‌బీదీ ఇదే మాట. 'కార్డో గీర్డో, పిల్ల లేని ఇల్లు నాకొద్దు' అని సరిగ్గా అన్నం తినదు. నాకూ నిద్దర పట్టదు. ఊరందరికీ పరుపులు కుట్టేవానికి నిద్దర లేదంటే నవ్వుతారప్పా. పోనీలే, చిన్నపిల్ల, ఏదో ఆశపడింది, మాఫ్ చేసేసినా. రేపు పోయి తోడుకొస్తా. పరీక్ష ఫీజుకు ఎల్లుండే ఆఖరు."

"మంచి పని అన్నా. తోడుకోరా. ఫీజు కట్టు. ఇంగ ఆ మాటే ఎత్తొద్దు."

"నేనెత్తను. నువ్వు మాత్రం ఒక్క సాయం చెయ్యల్ల. రొళ్ల నుంచి దాన్ని నేరుగా ఈడికే తెస్తా. దాని ముందరే కార్డు పెట్టు. పెట్టి, 'ఇంగ దొంగతనం చెయ్యొద్దు తల్లీ' అని రెండు మంచి మాటలు చెప్పు. నా నోటితో అంటే నొచ్చుకుంటాది. నీ మాటంటే దానికి గురి."

"నేనా?"

"నువ్వే."

"నా వల్ల కాదన్నా."

"రెండు మాటలే కదా..."

"కాదంటాండా కదా! అన్నా, నువ్వు కూర్చో. కూర్చో ముందు."

"కూర్చున్యా. ఏమైంది?"

"ఆ కార్డు ఎవరూ తీయలే. దాంట్లో కార్డే లేదు. నేను పెట్టలే."

"ఏందీ?"

"నువ్వు కొన్న దినం అంగట్లో కార్డు లేదు. చీటీలో మాత్రం రాసేసింటి. బెంగళూరు నుంచి తెచ్చినాక పిలిచి పెడదామనుకున్యా. కార్డు లేకున్నా తెర వెలుగుతాది, పాత ఆటలు ఆడుతాయి, మీకు తెలీదు. మీరు అడగలే, నేను చెప్పలే. వారమైంది, నెలైంది, మూడేండ్లైపోయింది. సిగ్గు లేనోన్ని అన్నా. చెప్పుతో కొట్టు, ఏమన్నా చెయ్యి. పాప దొంగ కాదు."

"అబద్ధం."

"నిజమన్నా. ఇదో, తెరిచినా, చూడు. కార్డు పెట్టల్లంటే ఈ వెనక రేకు విరవల్ల. దీన్ని విరవనే లేదు. కొత్తప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది."

"కాదప్పా. నువ్వు పిల్ల మీద జాలితో చెప్తాండావు."

"నా బిడ్డల మీద ఒట్టన్నా. రేపు నీతోపాటు రొళ్లకు నేనూ వస్తా. పాప ముందర ఇదే మాట చెప్తా."

"మరి... దాన్ని ఆడ వదిలి నేను బస్సెక్కుతే, కిటికీ కడ్డీలు పట్టుకోని, 'కార్డు నేనే అమ్మినా నాయనా, ఒప్పుకుంటాండా, ఒక్క మాట మాట్లాడి పో' అన్నాది కదప్పా!"