ఒడి దులుపుడు

వెట్టిచాకిరి అని రాస్తున్నరా మేడం? జర ఆగుండ్రి. కలం కింద పెట్టుండ్రి. వెట్టి అంటే ఏందో నాకు తెల్సు. మీరు పుస్తకంల చదివిండ్రు, నేను చేసి వచ్చిన.

కుర్సీ వద్దు. కుర్సీల కూసుంటే నాకు మాట రాదు. గీ బస్తకు ఆనుకోని కింద కూసుంట. ఇదే కదా మీ జీపోళ్లు పట్టుకున్నది? బుడ్డలు. మీ దిక్కు పల్లీలు అంటరేమో. నాలుగు దినాలసంది ఆఫీసు రూముల తాళమేసి పెట్టిండ్రు, పిస్తోలు దొరికినట్టు. మూతి సుత కట్టలే చూడుండ్రి, ఎలుకలు పడ్తయి.

మా మేనేజరు శ్రవణ్ కుమార్ సారు తలుపు బయట నిలబడ్డడు, చెవి ఇటే ఉంది. బస్త లోపటికి తెచ్చినోళ్లు ఎవరైతే వాళ్లను ఇంటికి పంపిస్త అని పొద్దుగాల్నే చెప్పిండు. ఇంటికి అంట! నాకు ఇల్లుంటే ఈడికెందుకొస్త? పోయినేడు వానలకు గోడ కూలింది. బిడ్డ, అల్లుడు పుణెల ఇటుకబట్టీకాడ గుడిసెల ఉంటరు. ఈ పెద్దమందడి తొవ్వకు ఉన్న ఈ హాస్టలే నా ఇల్లు.

చెప్త, పేరు చెప్త. మొదటికెల్లి ఇంటేనే మీకు సమజైతది.

బయట ‘ఆనంద తోట సీనియర్ కేర్’ అని రాసుంది కదా. తోటంటే ఆ నాలుగు కుండీలు. ఆనందమంటే అగో, గోడకున్న ఆ బోర్డు. మా ముప్పై ఒక్క మంది పేర్లుంటయి. రోజు పొద్దున ఎవరి పేరు ముంగట వాళ్లు ఒక బిళ్ల అంటియ్యాలె. నవ్వే మొకం బిళ్ల, మూతి ముడుసుకున్న బిళ్ల, ఏడ్సే బిళ్ల. మా పెంటయ్య, అగో ఆ మఫ్లరు ముసలాయన, కూరల కారం లేదని రోజు ఏడ్సే బిళ్లనే అంటిస్తుండె. నెల తిరిగేసరికి ఏడ్సే బిళ్లల డబ్బ మాయమైంది. కారం మాత్రం రాలే.

ఆరింటికి నవ్వుల క్లాసు. చేతులు పైకి లేపి హహహ అనాలె, గుండెకు మంచిదంట. ఒక్కనాడే నిజంగ నవ్వినం, పెంటయ్య కట్టుడుపండ్ల సెట్టు ఊడి సారు బూటు మీద పడ్డనాడు. ఆ దినం క్లాసు నడుమల్నే ఆపేసిండ్రు, క్రమశిక్షణ తప్పినమని.

పుట్టినరోజుల సంగతి చెప్పాల్నా? ఆధార్ల మా అందరికి జనవరి ఒకటే ఉంది. కేకు తెచ్చే దాతలేమో ఏడాది పొడుగున వస్తుంటరు. అందుకని సారు కూసోని మాకు కొత్త పుట్టినరోజులు పంచిండు. నాకు ఆగస్టుల వచ్చింది. కేకు బాగనే ఉంటది, అబద్ధమెందుకు.

లేదు మేడం, కొట్టరు. తిట్టరు. అన్నం పెడ్తరు, మందులిస్తరు. ఆ మాట సుత రాసుకోండ్రి. కాకుంటే ఏ పని ముట్టనియ్యరు. చీపురు పడితే గుంజుకుంటరు. "మీరు రెస్టు తీస్కోవాలె అమ్మమ్మ" అంటది మానస. మాకు కౌన్సిలింగు చేసే పిల్ల ఆమె, మంచిదే. పూసలు గుచ్చుమని ఇస్తది. పొద్దుమూకేదాంక గుచ్చుతం. తెల్లారి అవ్వే దండలు తెంపి, అవ్వే పూసలు మల్ల ఇస్తది. డెబ్బై ఏండ్లల గంత పనికిరాని పని నేనెన్నడు చెయ్యలే.

ఆ పిల్లతోనే మొదలైంది ఇదంతా. ఫారంల చూసి, ఇద్దరిది మానవపాడు పక్కన ఒక్కటే ఊరని, నన్ను రుక్కమ్మను ఒక్క రూముల ఏసింది. దోస్తులైతరంట. ఆ ఫారంల ఊరు పేరు రాసే గడి ఉంది. ఆ ఊర్లె ఎవరిల్లు ఏ దిక్కుంటదో రాసే గడి లేదు.

రుక్కమ్మంటే ఎవరనుకున్నరు? మా దొర్సాని. ఆమె చేన్ల నలబై ఏండ్లు, ముందుగాల వెట్టి, తర్వాత కూలి చేసిన. దూపైతే చెంబుతోని మీదికెల్లి పోసేది, దోసిలి పట్టి తాగేదాన్ని. పనిల కొంగు నడుముకు దోపి ఒడి కట్టుకుంటం కదా, ఇంటికి పోయే యాళ్లకు గట్టు మీద నిలబడి ఒక్కొక్కదాన్ని ఆపేది. "ఒడి దులుపు" అనేది. నాలుగు ఇత్తులు దాసుకోని పోతున్నమేమోనని. అందరి ముంగట దులిపి, ఏం లేదని చూపియ్యాలె.

ఈడికొచ్చినంక ఆమెకు స్టీలు పళ్లెం, నాకు అదే స్టీలు పళ్లెం. రెండు మంచాలు ఒక్కటే ఎత్తు. మొదటి వారం నేను కిందనే పండిన, ఆమె ముంగట మంచమెక్క బుద్ధిగాలే. రెండో వారం ఎక్కిన. కాళ్లు బార్ల చాపుకోని కూసున్న. ఆమె చూడాల్ననే కూసున్న. ఉన్నమాట చెప్తున్న.

కని ఆమె చూస్తేనా? కొడుకులు భూమి అమ్మి కర్నూలు పోయిండ్రు, ఆమె కాలు ఇరిగి ఈడికొచ్చింది. వచ్చిననాటి సంది గోడ దిక్కు తిరిగి పండుకున్నదే. ఎనిమిది నెలలు ఒక్క మాట లేదు. రెండు బుక్కలు తింటే గొప్ప. మానస పూసలిచ్చింది, భజన పెట్టింది. వనపర్తి దవాఖానకు తీస్కపోతే గొంతుల ఏం రోగం లేదన్నరు. సారు పరేషాన్ వేరే. బోర్డు మీద రుక్కమ్మ పేరు ముంగట ఖాళీ ఉంటుంది, దాతలు అడుగుతరని. ఆఖరికి నవ్వే బిళ్ల ఒకటి ఆయనే అంటించిండు.

నేను సంబురపడాలె కదా? పడలే. నా బతుకంత నన్ను తిట్టిన గొంతు అది. పక్క మంచం మీద అది సప్పుడు లేకుండ ఉంటే నాకు తిన్నది ఒంటికి పట్టలే. ఎందుకో నన్నడగకుండ్రి.

దసరా పోయినంక, ప్రహరీ అవతలి రైతు వెంకట్రాములు పెంటయ్యతోని మొత్తుకుంటుండు, ఇత్తనం బుడ్డలు ఒలిచేటందుకు మనుషులు దొరుకుతలేరని. మిషన్ల పోస్తే ఇత్తు పగుల్తది, పగిలిన ఇత్తు మొలవదు. చేత్తోనే ఒలవాలె. నేను ఇన్న. కూలి వద్దు, ఒక్క బస్త గోడ మీదికెల్లి ఇయ్యి అన్న. ఇగో, తెచ్చింది నేనే. రాసుకున్నరా? ఆగుండ్రి, ఇంకా ఉంది.

రూముల కింద కూసోని, రాయి మీద కాయ కొట్టుకుంట ఒలుస్తున్న. మూడోనాడు వెనక మంచం కిర్రుమంది. రుక్కమ్మ ఇటు తిరిగింది. నా మొకం చూస్తలేదు, నా చేతులు చూస్తుంది. అప్పుడొచ్చింది మాట.

"ఈరీ, మెల్లగ కొట్టవే. ఇత్తు పగుల్తుంది."

తిట్టు పడి సంబురంతోని ఏడ్సిన మనిషిని ఎన్నడన్న చూసిండ్రా మేడం? నన్ను చూడుండ్రి.

తెల్లారికెల్లి వరండ నిండింది. పెంటయ్య వచ్చిండు, ఆయన ఎంట అందరొచ్చిండ్రు. ఒక బస్త అయిపోతే ఇంకొకటి వచ్చింది. పాటలు, పాత కయ్యాలు, ఎవని మామ ఎవని ఎద్దును తోలుకపోయిండు, అవ్వే ముచ్చట్లు. నవ్వుల క్లాసుకు ఎవ్వరు పోలే, ఈడనే నవ్వుతున్నరు. రుక్కమ్మ జొన్నరొట్టె అడిగి తిన్నది. మానస ఫోటోలు తీసి, కొత్త థెరపీ అని పేరు పెట్టి హైదరాబాదు ఆఫీసుకు పంపింది. సారు సుత మెచ్చుకున్నడు, ఇప్పుడు యాదికి లేదంటుండు గని.

ఏకు లెక్క వచ్చింది మేకైంది అంటరు చూడుండ్రి, గట్లనే అయింది. వారం తిరిగేసరికి రుక్కమ్మకు కుర్సీ వచ్చింది. కుర్సీల ఆమె, కింద మేము. ఈ వరుస తప్పింది, ఆ కుప్ప ఇటు జరుపు, మాట్లాడుడు తక్కువ చెయ్యి. నేను నీళ్లియ్యబోతే వేరే గ్లాసు తెమ్మంది. అది సుత మింగిన. పానం బాగైతుంది కదా, అననీ అనుకున్న.

పదోనాడు పొద్దుమూకింది. పని ఆపి లేవబోతున్న. అందరున్నరు, మానస ఫోను పట్టుకోని నిలబడ్డది.

"ఈరీ. ఒడి దులుపు."

నేనేం చేసిననో తెల్సా? దులిపిన. లేసి, కొంగు ఇప్పి, రెండు చేతుల్తోని దులిపిన. మనసు వద్దంటనే ఉంది, చేతులు ఇనలే. పొట్టు రాలింది, అంతే. ఆమె తల ఊపింది, ఇగ పో అన్నట్టు. మానస చప్పట్లు కొట్టింది, అమ్మమ్మలిద్దరు ఎంత మంచిగ కలిసిపోయిండ్రో అని.

చెప్పుకుంటే సిగ్గు పోతది, చెప్పకుంటే పానం పోతది. గేటుకాడ గోడ మీద ముసలోళ్ల కోసమని నంబరు రాసుంది చూసిండ్రా? బాత్రూముల నీళ్లు వస్తలేవని ఆ నంబరుకు మూడుసార్లు ఫోను చేసిన. మీ ఫిర్యాదు నమోదైంది అన్నరు మూడుసార్లు. నీళ్లు రాలే. నాలుగోసారి చేసి, ఈడ ముసలోళ్లతోని వెట్టి చేయిస్తుండ్రు అన్న. మర్నాడే జీపొచ్చింది. అవును, నేనే. మీ కాయిదంల ‘పేరు చెప్పని మనిషి’ అని ఉంది కదా, ఆ మనిషి పేరు ఈరమ్మ. బస్త తెచ్చింది ఈరమ్మ, పట్టిచ్చింది ఈరమ్మ.

ఆమెకు బుద్ధి రావాల్ననుకున్న. వచ్చింది నాకు. బస్త పోయిన పొద్దే ఆమె మల్ల గోడ దిక్కు తిరిగింది. రొట్టె ముడ్తలేదు, నీళ్లు చెంచతోని పోస్తున్నరు. గిట్లనే ఉంటే కష్టమన్నడు డాక్టరు. నాలుగు దినాలైంది. నిన్న పోయి ఆమె మంచం ముంగట నిలబడి, ఎవ్వరడగకముందే ఒడి దులిపిన. "చూడు దొర్సాని, ఏం లేదు" అన్న. తిరగలే. ఏం లేదని ఆమెకు తెల్సు కదా, ఎందుకు తిరుగుతది?

ఇగ ఆఖరుకు ఇది రాయి బిడ్డా. మేడం మేడం అనుడు నాతోని గాదు, నా మనుమరాలంత ఉన్నవ్. వెట్టిచాకిరి అన్న మాట మాత్రం కొట్టెయ్యి. నన్ను పంపుమని రాస్తవా, రాసుకో. సారు సంచి సర్దుమంటే సర్దుత. ఏడికి పోవాల్నో తెల్వదు, గని సర్దుత. ఈ బస్త మాత్రం మా రూముల ఏసిపో.

ఏంది, నా ఒడి దిక్కు చూస్తున్నవ్? ఔ, బరువుగనే ఉంది. నువ్వు వంగి రాసుకుంటున్నంత సేపు బస్తలకెల్లి పిడికిలి పిడికిలి తీసిన. నలబై ఏండ్లల ఒక్క ఇత్తు తియ్యలే బిడ్డా. ఇయ్యాల తీసిన. ఇవి కట్టుకోని, కాయలు గలగలమనేటట్టు ఆమె మంచం పక్కకెల్లి నడుస్త.

దులుపుమంటున్నవా? నువ్వు ఆఫీసరువే, కాదన్ననా? నువ్వంటే దులప. సారంటే దులప.

ఆమె అనాలె.