ఒక్కో పేరుకి ఒక్క బాణం

సమోవా దీవుల్లోని ఆపియాలో ఒక ఉదయం. చెల్లెలి కూతురిని పెంచుకుంటున్న పెద్దమ్మ, బడికి పంపే ముందు ఆ పిల్లకి కొబ్బరినూనె రాసి జడ వేస్తోంది.

"కదలకు. లెక్కల పుస్తకంలో ఆ ఎర్ర గీతేంటే?"

"ఇటు మా బెంచీలో కూర్చునే ముగ్గురి పేర్లు, అటు అమ్మల పేర్లు రాసి బాణాలు గియ్యమన్నారమ్మా. లాగి, ఫెతు అక్కచెల్లెళ్ళు కదా, వాళ్ళ బాణాలు రెండూ ఒకే అమ్మకి వెళ్ళాయి. అది పర్లేదట. ఒక్క పేరు నుంచి రెండు బాణాలు బయల్దేరితే మాత్రం అది ప్రమేయం, అదే ఫంక్షన్, కాదట."

"రెండు ఎవరికి గీశావు?"

"నాకే. ఒకటి సవాయి దీవిలో ఉన్న అమ్మకి, ఇంకోటి నీకు. అందుకే టీచరు ఎర్ర గీత పెట్టింది."

"ఒక్క అమ్మే ఉండాలా? మీ టీచరు ఏ దీవి నుంచి వచ్చిందే?... సరే, నాది చెరిపెయ్. కన్నది అదేగా."

"చెరపను."

"నన్నుంచి మా చెల్లిని చెరిపావో, పడవెక్కి వచ్చి నా జుట్టు పట్టుకుంటుంది!"

"ఎవర్నీ చెరపలేదు. పైన 'అమ్మ ఎవరు' అన్నది కొట్టేసి, 'ఈ రోజు జడ ఎవరు వేశారు' అని రాశా. ఇప్పుడు ఒక్కో పేరుకి ఒక్క బాణమే."

"ఏదీ, పుస్తకం ఇటు పట్టు, చూస్తా."

"అమ్మా, దువ్వెన ఆపావేం? గంట కొట్టేస్తారు."

"కొట్టనీ. విప్పి మళ్ళీ వేస్తా. నా పేరు రాశాక జడ వంకరగా ఉంటే పరువు పోదూ?"