కాలినింటి జొన్నలు

ఓబులమ్మ ఇల్లు కాలిపోయిందంట. ఎందుకు కాలిందంటే, ఆమె మొగుడు నరసింగడు సగం తాగిన చుట్టని ఆర్పినాననుకుని చూరులో దోపి చేనికి పోయినాడు. పారేస్తే దండగ గదా మరి. బోదగడ్డి కప్పు, ఎండాకాలం, ఇంకేం కావాల. ఊరంతా ఉరికొచ్చినారు. నీళ్లు పోసేవాళ్లు పోసినారు, సామాను బయటికి లాగేవాళ్లు లాగినారు. నరసింగడు గూడా ప్రాణాలకి తెగించి మంటల్లోకి దూరి ఏం తెచ్చినాడనుకున్నారు? చీపురుకట్ట. నవ్వబాకండి, మీ ఇల్లు కాలితే మీరేం తెస్తారో చూద్దాం.

ఇప్పుడు ఏమైందంటే, మంట ఆరినాక ఓబులమ్మ బూడిదంతా వెతికింది. రోలు ఉంది, రోకలి చివరి ఇనప పొన్ను ఉంది. ఇత్తడి బిందె లేదు, గంగాళం లేదు, చెంబులు లేవు. అవి పోతే పోనీ, విత్తనాల జొన్నలకి పురుగు పట్టకుండా బూడిద కలిపి, మూతికి పేడ మెత్తి దాచిన కుండ లేదు. పగిలుంటే పెంకులన్నా ఉండాల గదా, అవీ లేవు. తొలకరి దగ్గిరికొచ్చింది. ఆ జొన్నలు లేకపోతే చేను బీడు, ఏడాదంతా పస్తు. సామాను లాగిన మారాజులు ఎక్కడ పెట్టినారయ్యా అని మొగుణ్ణి అడిగితే, "వాళ్లవాళ్ల ఇళ్లలో భద్రంగా పెట్టుంటార్లే" అన్నాడంట. ఆ భద్రం సంగతి ఓబులమ్మకి తెలుసు. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఒక్కరన్నా ఔనంటేగా. "అయ్యో ఒదినా, మేం నీళ్లు మోసినామే" అంటారు. అందరూ నీళ్లే మోస్తే ఇల్లెట్టా కాలిందో మరి.

ఆ ఊళ్లో ఒక అలవాటు ఉందనుకో. ఇల్లు కాలితే అగ్గి చల్లబడాలని ఆడోళ్లంతా వేపమండలు పట్టుకొచ్చి బూడిద మీద అంబలి పోస్తారు. అట్టా పోస్తా ఉండగా ఓబులమ్మ జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఇంకేముంది, పూనకం. సాంబ్రాణి తెండి, పసుపునీళ్లు తెండి. ఏం కావాల తల్లీ, మేకపోతా, కోడిపుంజా అని అడిగితే, "ఏమొద్దు. ఈ ఇంటి సామాను ఈ ఇంటి బూడిదతోనే తోమాల. తోమకుండా ఎక్కడుంటే అక్కడ మంటే" అని చతికిలబడింది. అంతే. ఈ అమ్మోరు మరీ పొదుపుగా మాట్లాడిందే అని జనానికి వెలితిగానే ఉందంట.

తెల్లారి చూస్తే వాకిట్లో బిందె, గంగాళం, చెంబులు. ఎవరూ తెచ్చినట్టు లేదు, అవే నడిచొచ్చినట్టున్నాయి. ఓబులమ్మవి కాని గరిటెలు గూడా వచ్చినాయనుకో, భయం భయమే గదా. చింతపండు, బూడిద పెట్టి అన్నీ తోముతా కూచుంది. జొన్నల కుండ మాత్రం రాలేదు. తోముతా ఉంది, వీధికేసి చూస్తా ఉంది. తోముతా ఉంది, చూస్తా ఉంది.

పొద్దెక్కినాక మాలకొండయ్య వచ్చినాడు. ఊరికి పెద్దమనిషి, ఆమెకి బావ వరస. పొట్ట పట్టుకుని వంగి నడుస్తన్నాడు. "ఓబులమ్మా, అమ్మోరు ఒంటిమీదే ఉందా, పోయిందా?"

"గిన్నెలు తోముతా ఉంది. ఏంది బావా?"

"ఏం లేదులే. సామాను అంటే కుండలూ చెంబులేనా, తినేవి గూడా లెక్కలోకొస్తాయా అని."

ఓబులమ్మ చెయ్యి ఆగిపోయింది. "తిన్నావా?"

"మీ అక్క సంగటి చేసింది. కడుపులో ఒకటే మంట తల్లీ."

ఎందుకుండదు, బూడిద జొన్నలు సరిగా కడక్కుండా వండితే. ఓబులమ్మ చాలాసేపు ఆ పొట్టకేసే చూసిందంట. ఏడాది తిండి అందులో ఉంది గదా. చూసి చూసి, "లోపల తోమడానికి బూడిద పనికిరాదు బావా, ఆముదం కావాల" అని పక్కింట్లో అడిగి తెచ్చి గిన్నెడు తాగించింది. "తిన్నవి ఎట్టాగూ తిరిగిరావు. నీ గాదెలో విత్తనాలు తెచ్చియ్యి, మంట తగ్గుద్ది" అంది. ఆయన పాలేరు చేత బస్తా మోయించి, చెంబు పట్టుకుని చేలల్లోకి పరిగెత్తినాడు. వచ్చినాడు. మళ్లీ పరిగెత్తినాడు.

నరసింగడు పెళ్లానికి దూరంగా నిలబడి దణ్ణం పెట్టి, "నిజంగా అమ్మోరే వచ్చిందా ఏందే?" అన్నాడంట. "ఏమో, నేను ఊగతా ఉంటిని, చూళ్లేదు" అందంట.

తొలకరికి చేను బాగా మొలిచింది. మాలకొండయ్య మాత్రం ఇప్పటికీ సంగటి ముందు కూచుంటే, ఇవి ఎవరి జొన్నలే అని పెళ్లాన్ని అడిగి గానీ ముద్ద ఎత్తడంట. అడగడం మంచిదే. ఇంతకుముందు ఆ అలవాటు ఉండేది గాదు.