గట్టు మీద కట్టిన పాట

ఏటే శైలూ, ఆ ఫోను అలా మూతి కాడ పెట్టీస్తే నాను మాటాడలేను, కొంచిం ఎనక్కి జరుపు. ఊడుపు పాటలకి అర్థాలు రాయాలా? ఎచ్చెర్ల కాలేజీలో ఇవి కూడా సదువులైపోనాయా? మంచిదేలే. ఏదీ, ఏ పాట తెచ్చినావో సదువు. 'గట్టు మీద నిలబడ్డ ఎర్రకోక పిల్లా, పొద్దుగూకక ముందే పొలిమేర దాటిపోవే.' సాల్లే తల్లీ, ఆపీ. నీకెవులు సెప్పినారిది? మీ మామ్మయితే సెప్పదు. ఇన్నేళ్ళైనా ఇంతే, ఆ మాట ఇంటే ఇప్పటికీ జడుపే నాకు. అది కట్టింది మా అత్త లక్ష్మణమ్మ. ఆ ఎర్రకోక పిల్ల ఇంకెవులో కాదు, మీ మామ్మ ధనలక్ష్మే.

మా అత్త గొంతు నువ్వు ఇనుండాల్సింది. కాలవకి ఇవతల అందుకుంటే అవతలోలు పని ఆపీసి నిలబడిపోయేవోరు. ఇప్పుడేటున్నాది, ఒరిస్సా నుంచి కూలోలొస్తారు, సెవుల్లో వైర్లెట్టుకొని నాటీసి ఎలిపోతారు, పక్కనున్నోలితో మాటైనా ఉండదు. అప్పుడలా కాదు. ముందు ఒకలు అందుకుంటే ఎనకున్నోలమంతా అదే తిరగేసి పాడాల. ముందు పాడే మనిసి కంటికేది కనపడితే అది పాటలో పడిపోవాల్సిందే. గొడుగేసుకొని వచ్చినోడు, జారిపడ్డోడు, మొగుడితో దెబ్బలాడి వచ్చింది, ఎవుల్నీ వదిలేది కాదు. కొత్త కోడలు దిగిందంటే ఇంక సెప్పక్కర్నేదు, ఆ గుంటని ఏడిపించకుండా మడి పూర్తయ్యేది కాదు. మీ మామ్మది పాతపట్నం అవతల మెట్ట ఊరు, బురద ఎరగదు. పుట్టింటోలు పెట్టిన ఎర్రకోక కట్టుకొని దిగీసినాది, పిక్కకి జలగ పట్టీసినాది, కెవ్వుమని గట్టెక్కినాది, మరి దిగితే ఒట్టు. మా అత్త నవ్వుకుంటా అప్పటికప్పుడు కట్టీసినాదది. జలగకే జడిసినావు, ఇంక పుట్టింటికి పారిపోవే పిల్లా అని. అంతే అర్థం. నాను పక్కనే నాటుతన్నాను, నాకు తెల్దా? మీ మామ్మ కూడా నవ్వినాది ఆ పొద్దు.

ఆ ఊడుపులు అవకుండానే జొరాలు దిగినాయి. దిగినాయంటే అలాగిలాగ కాదు, పొద్దున్న బాగున్న మనిసి సాయంత్రానికి మంచమెక్కీడమే. మా పక్కింటి గిరిబాబు తల్లి పోనాది, పుట్టెడు దుఃఖంలో ఆ ఇంట్లో పొయ్యి ఎలిగించినోలు నేరు. మడిలో దిగినోలమంతా పడ్డాం, మీ మామ్మ ఒక్కర్తీ పడనేదు. మాం కాలవ నీళ్ళు దోసిళ్ళతో తాగినాం, గట్టు మీదున్న మనిసి తాగనేదు, ఇప్పుడైతే ఏ డాక్టరైనా ఆ మాటే అంటాడు. అప్పుడు మాకు డాక్టరెక్కడ? ఊరి పెద్ద ఎల్లాజీ మావే మాకు డాక్టరూ, కోర్టూ. ఆయన మా గుమ్మంలోకొచ్చి నెమ్మదిగా, దండం పెట్టి మరీ, 'లక్ష్మణమ్మా, పాడింది నువ్వే గాని పలికించింది అమ్మోరు. ఎర్రకోకదాన్ని పొలిమేర దాటించమని ముందే సెప్పినాది తల్లి, మనమే ఇనుకోనేదు' అన్నాడు. మా అత్త నెత్తీ నోరూ కొట్టుకున్నాది. 'ఎగతాళికి కట్టినాను మావా, నడుం నొప్పి తెలీకుండా పాడుకునే పాటకి అర్థమేటి' అన్నాది. ఎవులింటారు? అలాగంటే ఇంకా జడిసినారు, అమ్మోరి మాట కాదంటన్నాదని. మరింక పాడ్డం మానీసినాది. మానీస్తే, తల్లికి కోపమొచ్చి నోరు కట్టీసిందన్నారు. ఇంట్లో గిన్నె సప్పుడైనా ఈధిలో మనుసులు ఆగి సెవొగ్గీవోరు, లక్ష్మణమ్మ ఏటంటాదోనని.

ఆఖరికి మీ మామ్మని దాటించీయాలని ఖాయం సేసీసినారు. నెల తప్పిన మనిసి. ఆ కడుపులో ఉన్నది మీ బాబే మరి, నిన్ను కన్న తండ్రే. వోన కురుస్తన్నాది, గెడ్డ పొంగి ఎర్రగా పోతన్నాది, ఆ గెడ్డ అవతలే పొలిమేర. మీ తాత తల దించుకొని కూకున్నాడు, ఆయన్ని అనక్కర్నేదు, ఊరంతా ఒకటైతే ఏటి సేస్తాడు. యాపమండలు, సేటలు పట్టుకొని మీ మామ్మ గుమ్మం కాడికెళ్ళినారు. ఆ పిల్ల ఏడవడం కూడా మర్సిపోయి రాటకి అతుక్కుపోనాది. అప్పుడొచ్చినాది మా అత్త, పెట్టె అడుగునున్న తన పెళ్ళికోక కట్టుకొని. అదీ ఎర్రదే. అందరి ముందూ నిలబడి, 'పాట కట్టినోలికే దాని అర్థం తెలుస్తాది. అమ్మోరన్నది నన్నే. గట్టు మీద నాను నిలబడి పాడనేదా? నోరు రాక ఇన్నాళ్ళూ దాసినాను' అన్నాది. అందరూ వొంగి దండాలెట్టినారు. నాను సెయ్యి పట్టుకుంటే సెవిలో ఏటన్నాదో తెలుసా? 'దానికి ఏ అర్థమూ నేదే అమ్మా. ఈళ్ళకి ఏదో ఒకటి కావాల గదా' అన్నాది. గెడ్డలోకి దిగీసినాది. నడుం దాకా మునగడం సూసినాం. అవతల ఎక్కడం ఎవులూ సూడనేదు. గజపతినగరం సంతలో ఎవులో సూసినామన్నారు, మా ఆయన ఎళ్ళి ఊరూరా తిరిగి ఒట్టి సేతులతో వచ్చినాడు.

నీకు ఇక్కడిదాకా రాసుకుంటే సాలు. తరవాతది రాయకు. మా అత్త ఎళ్ళిన కాడ్నుంచి ఊల్లో ఇంకెవులికీ జొరం రానేదు. పడ్డోలు కూడా లేసి తిరిగినారు. అర్థం నేదని నా సెవిలో సెప్పిన మనిసి మాట నమ్మాలా, నా కళ్ళు సూసింది నమ్మాలా? ఉత్త పాటే అనుకుంటే మా అత్త ఊరికే పోనాది. ఉత్త పాట కాదనుకుంటే, అమ్మోరడిగింది మా అత్తని కాదు గదే, మీ మామ్మని. ఆ మాట ఇంకా అలాగే ఉన్నాదేమో అని, మీ గుమ్మం ముందు నుంచి ఎళ్ళినప్పుడల్లా మీ మామ్మ దగ్గు ఇనపడినా ఆగి సెవొగ్గుతాను. ఏటీ? ఎప్పట్నుంచి? మరి అంతలా ఒళ్ళు కాలిపోతంటే ఆయమ్మని ఇంట్లో ఒగ్గీసి ఇక్కడ నాతో పాటలేటే గుంటా? ఫోను ఆపు. కాదు, ఆపకు, మీ బాబుకి సెయ్యి, ఆటో తెమ్మను. నా సెప్పులేవీ.