ఎడమ పెడల్

పద్మలతకు నలభై ఆరేళ్ళు. ఇంట్లో అందరూ తాగాక గిన్నె అడుగున మిగిలిన చాయ్‌ని చల్లగానే తాగడం ఆమె అలవాటు.

ఆ సాయంత్రం కూడా అరుగు మీద ఉన్నవాళ్ళకు పోసిచ్చి, గిన్నె పట్టుకొని తలుపు వెనక నిలబడింది. అరుగు మీద స్టాండు వేసిన ఆకుపచ్చ సైకిలు, దాని పక్కన ఆమె మొగుడు ధర్మేందర్. మెట్టు మీద పక్కింటి ఐలేశ్, అదే ఊళ్ళో, నర్మెట్టలో, నలభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసి మానుకున్న ముసలి చత్రు. కుర్చీలో మాత్రం శ్రీపాల్. ఆయన జనగామ రోడ్డు మీద హోటలు కడుతున్నాడు, గోడకు తగిలించడానికి పాతకాలపు సైకిలు కావాలన్నాడు. ధర్మేందర్‌కేమో శ్రీపాల్ చెయ్యి పడితే తప్ప రాని సహకార సొసైటీ డైరెక్టరు పదవి కావాలి.

"మా నాయిన సైకిలు శ్రీపాలన్నా," అన్నాడు ధర్మేందర్. "కొట్టంల దొరికిననాడు చూడాలె, ఉత్త తుప్పు. నేను జర గరుకు కాయితం పట్టుకొని కూసున్న, అంతే. ఒక పొర గీకిన, ఇంకో పొర వచ్చింది, గది గీకిన, ఇంకోటి, తొమ్మిది పొరలు. రాలిన తుప్పు ఎంతో ఎర్కేనా? మూడు బస్తాలు. పాత సామాన్లోడు వచ్చి మోసుకపోలేక ట్రాక్టరు దెచ్చుకున్నడు."

"సైకిలుకన్న తుప్పే బరువాయె," అన్నాడు ఐలేశ్.

"నువ్వు నడుమ మాట్లాడకు. ఆ తర్వాత ఏమైందో ఇను."

అది పద్మలత తల్లి సుశీల సైకిలు. సుశీల లింగాల ఘనపూర్‌లో కాన్పుల నర్సు. చీర కుచ్చిళ్ళు దోపుకొని, దండె ఉన్న మగవాళ్ళ సైకిలెక్కి ఊరూరా తిరిగి పిల్లల్ని బయటికి తీసింది. అత్త సైకిలెక్కుతుందని చెప్పుకోవడానికి అప్పట్లో ధర్మేందర్‌కు సిగ్గు. "మా ఇంటి కోడలికి గా విద్యలు వద్దు" అని పెళ్ళిలోనే చెప్పాడు, అందుకని పద్మలత నేర్చుకోలేదు. పోయిన మాఘంలో సుశీల చనిపోయింది. దినాలైన మర్నాడు పద్మలత ఆ సైకిలును ఆటోలో వేసుకొని వచ్చి, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర మూడు నెలలు దానితోనే ఏడ్చింది. ఏడవడమంటే ఆమెకు తుప్పు గీకడమే. వేళ్ళ తోలు ఊడింది. చక్రాల ఇరుసుల్లోని ఇనుప గోలీలను గ్యాసునూనెలో నానేసి చీరపేలికతో ఒక్కొక్కటే తుడిచింది. దుమ్మూ పురుగూ అంటకుండా ఫ్రేమును దోమతెరలో వేలాడదీసి రంగు వేసింది. అయినా ఒక దోమ కాలు కింది పైపు మీద అంటుకొని అట్లాగే ఎండిపోయింది. ఆ మూడు నెలలూ ధర్మేందర్ పెరట్లోకి వచ్చింది కాళ్ళు కడుక్కోవడానికే.

"ఫ్రేము వంకర పోయింటే మోకాలు మీద పెట్టి ఒక్కటే నూకుడు," అంటున్నాడతను. "చప్పుడుకు ఎనిమిది ఇండ్ల బర్లు తాడు తెంపుకున్నయి. ఇగ రంగు! ఎండల పెడితె కండ్లు నిలువకపాయె. అద్దమనుకొని కాకులొచ్చి తలకాయలు దువ్వుకున్నయి."

"కాకులకు దువ్వెన నువ్వే ఇచ్చినవా అన్నా?"

"నవ్వురా ఐలేశ్, నవ్వు. రంగు ఆరినంక తొక్కి చూద్దామని జనగామల ఎక్కిన. ఒక్కపారి పెడల్ తొక్కిన, మళ్ళ తొక్కలే. మానుకోట కాడ రైలు ఎదురుపడ్డది, గార్ల దాక పందెం. గార్డు జెండా ఊపి 'జర మెల్లగ పోన్రి సారూ, మా ఇజ్జత్ పోతాంది' అన్నడు. ఆపనీకి బ్రేకు పడితె గద! భూపాలపల్లి దాక పోయి సక్కగ బొగ్గుబాయిలకే దిగిన. లోపల ఏమైందో ఎర్కేనా? ఈ రంగు వెలుగుకు కార్మికులంత నెత్తి మీది లైట్లు బందు వెట్టిన్రు!"

శ్రీపాల్ కడుపు పట్టుకొని నవ్వాడు. "సాలు ధర్మేందరూ, సాలు. రేపు పొద్దుగాల ట్రాలీ పంపుత. చక్రాలు ఊడదీసి తగిలిస్తె మంచిగుంటది. ఈ ముచ్చట గుడ రాపిచ్చి పక్కన పెడుదాం, 'ధర్మేందర్ చేతిపని' అని."

పద్మలత చేతిలో గిన్నె ఆగిపోయింది. రేపటితో అమ్మది ఇంకేమీ మిగలదు.

ఇంతసేపూ మాట్లాడని చత్రు గ్లాసు కింద పెట్టాడు. "ధర్మన్నా, ఒక్క మాట. గా ఎడమ పెడల్ ఎట్ల ఇప్పినవే?"

"ఎట్లేంది? అన్ని మరలు ఎట్ల ఇప్పుతరు? పానా పెట్టి ఎడమకు తిప్పిన, ఊడింది."

"ఎడమకు తిప్పితె గది ఇంకింత బిగుస్తది, నాయినా. సైకిలుకు ఎడమ పెడల్ ఒక్కటే ఉల్టా మర. కుడికి తిప్పితెనే ఊడుతది. తెల్వక పానా ఇరగ్గొట్టుకొని, ఎందుకు రాదు తాతా అని నా ఇంటికొచ్చి అడిగిన మనిషి ఈ అరుగు మీద లేదు. తలుపెనక ఉన్నది."

పద్మలత గడప దాటింది. సైకిలును పట్టుకొని, హ్యాండిల్ మీదా సీటు మీదా తలకిందులుగా నిలబెట్టింది. పెడల్ ఇరుసు కింద, తల్లి ఏనాడో గిన్నెల మీద పేరు కొట్టేవాడితో కొట్టించిన చుక్కల అక్షరాలు. పుట్టీ పెడితే పూడిపోతాయని అక్కడ మాత్రం ఆమె రంగు పలచగా వేసింది. ఐలేశ్ వంగి కూడబలుక్కొని చదివాడు:

"సు...శీ...ల."

"మా అవ్వ," అంది పద్మలత తల్లి పేరు మీద వేలు పెట్టి. "గీ సైకిలు ఎటూ పోదు."

ధర్మేందర్ ముఖం కందింది. అంతలోనే తేరుకున్నాడు. "అత్తదైతేంది, ఇంటికొచ్చినంక నాది గాదా? పోయి చాయ్ దే."

శ్రీపాల్ పేరు వంక చూసి, మంచి ఉపాయం దొరికినవాడిలా అన్నాడు: "ఏం పరేషాన్ లేదు. పేరు గోడ దిక్కు మలిపి తగిలిస్త. కనవడది."

తెల్లారి ట్రాలీ ఖాళీగా వెనక్కి పోయింది. హోటలు గోడకు ఇంకెవరి సైకిలో ఎక్కింది. ధర్మేందర్ డైరెక్టరు కాలేదు గానీ, ఆ గోడ మీది సైకిలును కూడా తానే బాగుచేసినట్టు హోటలుకు వచ్చేపోయేవాళ్ళకు కథ చెప్తున్నాడు. బొగ్గుబాయి దాకా అదే కథ, పెడల్ మాత్రం కుడికి తిప్పుతున్నాడు.

పద్మలతకు సైకిలు తొక్కడం రాదు. ఆ పొద్దున ట్రాలీ రాకముందే, చీకటుండగానే దాన్ని అరుగు దింపి, లింగాల ఘనపూర్‌లో తల్లి ఇంటి దాకా నడిపించుకుంటూ పోయింది. మళ్ళీ నర్మెట్ట రాలేదు.